అన్నము లేని ఆరేండ్లు



గత కొంతకాలముగా మేము ఏ కూడికకు వెళ్ళినా, ఆరాధన ముగిసి చెట్టు క్రింద విస్తళ్ళు వేసే సమయానికి ఒకరిద్దరు మెల్లగా దగ్గరకు వచ్చి అడుగుతున్నారు. "అయ్యగారూ, మీరు అన్నం ముట్టరంట గదా? ఒట్టి మాంసమేనంట గదా?" కొందరు ఆశ్చర్యముతో అడుగుతారు. షుగరు వ్యాధి ఉన్నవారు ఆశతో అడుగుతారు. ఒక సంఘములో ఒక పెద్దాయన, "అయితే మన పాస్టరుగారిని భోజనానికి పిలవాలంటే పొట్టేలును కొయ్యాలన్నమాట" అని అందరినీ నవ్వించాడు. మాట ఊరూరా తిరిగి కొంత మారిపోయింది కూడా. ఒకచోట ఇది మేము చేసుకున్న మ్రొక్కుబడి అని అనుకున్నారు. మరొకచోట ఇదేదో క్రొత్త బోధ అని అనుమానించారు. అందుచేత ఉన్న సంగతి ఉన్నట్టు వ్రాయాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2019 జనవరి నుండి మేము మా ఇంట అన్నము, రొట్టె, జొన్న, రాగి, పప్పు, దుంపలు, పండ్లు, పంచదార, బెల్లము అన్నీ మాని మాంసము, చేపలు, గ్రుడ్లు, నెయ్యి, ఉప్పు, నీళ్ళు, వీటితో జీవిస్తున్నాము. మాంసము మీద చల్లే పసుపు, మిరియాల పొడి తప్ప మొక్క నుండి వచ్చినది మా కంచములో లేదు. ఇది మ్రొక్కుబడి కాదు, బోధ అంతకంటే కాదు. చక్కెర వ్యాధి నిమిత్తము డాక్టరుగారికి తెలిపి, ఆయన చెప్పిన పరీక్షలు చేయించుకుంటూ పాటిస్తున్న పథ్యము మాత్రమే.

కాపరి పనిలో ఉన్నవారికి ఈ వ్యాధి ఎట్లా వస్తుందో పల్లె సంఘాలవారికి చెప్పనవసరము లేదు. సాయంకాలము పది గృహాలు దర్శించితే పది గ్లాసుల టీ. పాస్టరుగారికని ఒక చెంచా పంచదార ఎక్కువ. ఆదివారము ఒక ఇంట అన్నము, ఆ ఇల్లాలు వద్దన్నకొద్దీ వడ్డిస్తుంది, వద్దంటే నొచ్చుకుంటుంది. 2014లో మాకు షుగరు ఉందని తెలిసింది. 2018 నాటికి మూడు నెలల సరాసరి చూపే రక్తపరీక్ష 9.4కు చేరింది. మాత్రలు మూడు రకాలయ్యాయి. కాళ్ళలో తిమ్మిరి మొదలైంది. మా బరువు 88 కిలోలు.

ఆ రోజులు జ్ఞాపకమున్నవారికి తెలుసు. 2017, 2018 సంవత్సరాలలో కృష్ణా, గుంటూరు జిల్లాలలో అన్నము మాన్పించి కొబ్బరినూనె త్రాగించే ఆహార పద్ధతి ఒక ఉద్యమమువలె సాగింది. రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు అని చిన్నపిల్లలు సైతము అప్పజెప్పేవారు. కల్యాణ మండపాలలో సభలు, కిరాణా కొట్లలో కొబ్బరినూనె కొరత. మన విశ్వాసులలోనూ చాలామంది చేశారు. మేమూ చేయాలనుకొని ముందుగా మా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాము. ఆయన కొంచెముసేపు మౌనముగా ఉండి, "నేను చేయమని చెప్పను. చేస్తానంటే మాత్రం నాకు చెప్పకుండా చేయవద్దు" అన్నారు. అన్నము మానే రోజునే గ్లిమిపిరైడు మాత్రను ఆపించారు. తిన్నా తినకపోయినా శరీరము చేత ఇన్సులిను పుట్టించే మాత్ర అది. పిండిపదార్థము లేని మనిషికి దానిని ఇస్తే రక్తములో చక్కెర పడిపోతుంది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, మరల దీని దగ్గరకు వస్తాము.

ఆ పద్ధతిలో కూరగాయలకు అనుమతి ఉంది. కొంచెము టమాటా, కొంచెము ఉల్లిపాయ, కొంచెము పెరుగు. అయితే మేము 'కొంచెము' అనే మాట దగ్గర నిలువగలిగిన స్వభావము గలవారము కాము. కొంచెము పెరుగు గిన్నెడయ్యేది, గిన్నెడు పెరుగులోకి రెండు మెతుకులు దిగేవి. సగము మూసిన తలుపు కంటె పూర్తిగా మూసిన తలుపు మాకు సులభము. అందువలన 2019 జనవరి మొదటి వారములో ఉపవాస ప్రార్థనలు ముగిసిన తరువాత ఆ తలుపు వేసివేశాము.

మా సహధర్మిణి, పిల్లలు ఎప్పటివలెనే అన్నము తింటారు. ఒకే పొయ్యి మీద రెండు వంటలు. ఉదయము నేతిలో వేయించిన గ్రుడ్లు మూడు, మధ్యాహ్నము మాంసమో చేపలో, రాత్రి మిగిలినది. చింతపండు లేని చేపల కూరను ఏమని పిలవాలో ఇప్పటికీ మా ఇంట తేలలేదు. పులుసు అనడానికి పులుపు లేదు, వేపుడు అనడానికి అది వేగదు. ఆమె దానికి 'పాస్టరుగారి చేప' అని పేరు పెట్టింది.

మొదటి నెల కష్టముగా గడిచింది. అందరివలెనే మేమును కొవ్వు తీసిన బ్రాయిలరు కోడి మాంసము మంచిదనుకొని అదే తిన్నాము. మూడు నాలుగు రోజులకే విరేచనాలు, నీరసము, ఎంత తిన్నా తీరని ఆకలి. కడుపు నిండుతుంది గాని ఆకలి పోదు. ఇట్టి అనుభవము మునుపెన్నడూ లేదు. తరువాత గొర్రె కొవ్వు, తలకాయ, కాళ్ళు, బోటి, కార్జము, బొమికల రసము మొదలుపెట్టగానే రెండు రోజులలో ఒళ్ళు కుదుటపడింది. మా ఊరి మాంసము కొట్టు అతను మొదట కొవ్వు ముక్కలను ఊరికే ఇచ్చేవాడు, ఎవరికీ అక్కరలేదు గనుక. పాస్టరుగారు వారం వారం అడుగుతున్నారని తెలిసిన తరువాత దానికీ ఒక ధర కట్టాడు. రాత్రివేళ పిక్కలు పట్టేసేవి. నీళ్ళతో పాటు ఉప్పు కూడా ఒంట్లో నుండి ఎక్కువగా పోతుందని డాక్టరుగారు చెప్పి, మా బి.పి. చూసి, రసములో ఉప్పు పెంచమన్నారు. మలబద్ధకము కొన్ని నెలలు వేధించింది. నోటి నుండి ఒక విధమైన వాసన వచ్చేది. ప్రసంగపీఠము మీద ఫరవాలేదు గాని, ప్రక్కన కూర్చొని ప్రార్థన చేసేటప్పుడు ఎదుటివారికి ఇబ్బంది.

ఇవన్నీ దాటవచ్చు. దాటలేనిది విసుగు. రెండవ సంవత్సరము వచ్చేసరికి మాంసము మీద కోరిక పోయింది, ఆకలి వేస్తే తినడము మాత్రమే మిగిలింది. ప్రక్కింట ఉల్లిపాయలు తాలింపు వేస్తే కిటికీ దగ్గర నిలబడేవారము. సంఖ్యాకాండము 11వ అధ్యాయము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులోని చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను, వెల్లుల్లిని తలచుకొని ఏడ్చారని చదివి వారి అవిశ్వాసాన్ని ఖండించడము మాకు అలవాటు. ఒకే ఆహారముతో 40 సంవత్సరాలు నడిచినవారు వారు. ఇప్పుడు ఆ భాగము చదివితే వారిని ఖండించే వాక్యము కొంచెము నెమ్మదిగా పలుకుతున్నాము.

మాంసము మాత్రమే తిని మనిషి బ్రతకగలడా అని అడిగేవారికి చెప్పదగిన ఒక చరిత్ర ఉంది. విల్యాల్మూర్ స్టెఫాన్సన్ అనే ఆయన 1879లో కెనడా దేశములో, ఐస్‌లాండు నుండి వలస వచ్చిన లూథరను కుటుంబములో పుట్టాడు. హార్వర్డులో కొంతకాలము దైవశాస్త్రము చదివాడు కూడా. తరువాత ఆ మార్గము విడిచి మానవశాస్త్రము వైపు వెళ్ళి, 1906 నుండి 1918 మధ్య మూడు యాత్రలలో ఉత్తర ధ్రువ ప్రాంతాన ఇన్యూట్ ప్రజల మధ్య జీవించాడు. పంట పండని మంచు నేల అది. సీలు, తిమింగలము, చేప, కారిబూ అనే దుప్పి, ఇవే వారి భోజనము. ఆయన కూడా అదే తిన్నాడు. ఇంటికి తిరిగి వచ్చి, మొత్తము మీద అయిదేండ్లకు పైగా మాంసముతోనే ఆరోగ్యముగా ఉన్నానని చెబితే వైద్యులు నమ్మలేదు. అందుకని 1928లో న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో, తనతో యాత్రలో ఉన్న కార్‌స్టెన్ ఆండర్సన్ అనే యువకునితో కలిసి, వైద్యుల పర్యవేక్షణలో ఒక సంవత్సరము మాంసము మాత్రమే తిన్నాడు.

అక్కడ జరిగినది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది. మొదట వైద్యులు ఆయనకు కొవ్వు లేని మాంసము పెట్టారు. మూడవ రోజుకు ఆయన విరేచనాలతో పడుకున్నాడు. కొవ్వు కలిపి ఇవ్వగానే లేచాడు. ధ్రువ ప్రాంతములో బక్క కుందేళ్ళు మాత్రమే తిన్నవారికి ఇట్లే జరుగుతుందని ఆయనకు ముందే తెలుసు. ఆ సంవత్సరములో వారిద్దరూ తిన్న ఆహారపు శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా కొవ్వు నుండి వచ్చినదే. అంటే పేరుకు మాంసాహారము, నిజానికి కొవ్వు ఆహారము. 1930లో వైద్యులు తమ నివేదికను ప్రచురించారు. నౌకాయాత్రికులను చంపిన స్కర్వీ వ్యాధి వారికి రాలేదు, మూత్రపిండాలు చెడలేదు. ఎక్కువ ఉడికించని తాజా మాంసములో ఆ వ్యాధిని ఆపేటంత సారము ఉంటుందనీ, ఉప్పులో ఊరబెట్టి నెలలు నిలువచేసిన మాంసములో ఉండదనీ అప్పటికి స్పష్టమైంది.

అయితే న్యాయముగా రెండవ ప్రక్క కూడా చెప్పాలి. ఆ పరిశోధనకు అమెరికాలోని మాంసపు వ్యాపారుల సంస్థ నుండి ధనసహాయము అందింది. పాల్గొన్నవారు ఇద్దరే, కాలము ఒక్క సంవత్సరమే. ఇన్యూట్ ప్రజల మాట చెప్పాలంటే, వేసవిలో దొరికే పండ్లు, సముద్రపు నాచు వారూ తినేవారు. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, గ్రీన్‌లాండు ప్రజల జన్యువులు తరతరాలుగా కొవ్వు ఆహారానికి తగినట్టు మారాయని తేలింది. గోదావరి నీళ్ళు, కృష్ణా నీళ్ళు త్రాగి వరి తిన్న మన తాతల శరీరాలు వేరు. 2019లో, 16వ శతాబ్దము నాటి గ్రీన్‌లాండు మమ్మీలను స్కానింగు చేసి చూస్తే, కొన్నింటిలో రక్తనాళాలు గట్టిపడిన గుర్తులు కనిపించాయని కూడా ప్రచురించారు. గనుక స్టెఫాన్సన్ చరిత్ర మనిషి ఇట్లా బ్రతకగలడని చెబుతుంది. మనమందరము ఇట్లా బ్రతకాలని చెప్పదు.

మా విషయములో జరిగిన సంగతి ఇది. సంవత్సరము తిరిగేసరికి 9.4 ఉన్న పరీక్ష 6.3కు దిగింది. అప్పటి నుండి 6.1, 6.5 మధ్య నిలిచి ఉంది. బరువు 73 కిలోలు. మూడు రకాల మాత్రలలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే మిగిలింది. కాళ్ళ తిమ్మిరి తగ్గింది. దేవునికి స్తోత్రము. అన్నము లేకపోతే చక్కెర పూర్తిగా పడిపోదా అని చాలామంది అడుగుతారు. లేదు. శరీరానికి కావలసిన కొద్దిపాటి చక్కెరను కాలేయము మాంసకృత్తుల నుండి తానే తయారు చేసుకుంటుంది, మిగిలిన పనికి కొవ్వును ఇంధనముగా వాడుకుంటుంది. సృష్టికర్త ఆ కాలేయములో పెట్టిన జ్ఞానము గూర్చి ఒక ప్రసంగమే చేయవచ్చు.

ఇక మరొక పరీక్ష. చెడు కొలెస్ట్రాలు అనబడేది 112 నుండి 187కు ఎక్కింది. డాక్టరుగారు చీటీని బల్ల మీద పెట్టి, "షుగరులో గెలిచి గుండెలో ఓడిపోవడానికి నేను ఒప్పుకోను" అన్నారు. కొలెస్ట్రాలు మాత్ర వ్రాశారు, వేటమాంసము తగ్గించి చేపలు పెంచమన్నారు. రెండూ చేస్తున్నాము. ఈ పథ్యము మంచిదని ప్రచారము చేసేవారిలో కొందరు ఆ సంఖ్యను లెక్కచేయనవసరము లేదంటారు. ఆ మాట మా గుండెతో పరీక్షించి చూసే ధైర్యము మాకు లేదు. ఆరు నెలలకొకసారి మూత్రపిండాల పరీక్ష, సంవత్సరానికొకసారి కంటి పరీక్ష తప్పడము లేదు. మాంసము మాత్రమే పది, ఇరవై సంవత్సరాలు తినిపించి చూసిన నమ్మదగిన పెద్ద పరిశోధన ఏదీ లేనందున, ముందు దారిలో ఏమున్నదో ఈ పరీక్షలే మాకు చెప్పాలి.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. మా సంఘములో ట్రాక్టరు నడుపుకొనే ఒక సహోదరుడు ఉన్నాడు. ఎవరితో చెప్పకుండా అన్నము మాని గ్రుడ్లు, కోడిమాంసము మొదలుపెట్టాడు. మాత్రలు మాత్రము మానలేదు. నాలుగవ రోజు పొలములో చెమటలు పట్టి, చేతులు వణికి, ట్రాక్టరు దిగబోయి చక్రము ప్రక్కనే పడిపోయాడు. ఇంజను ఆగి ఉన్నది, అంతే. అతని భార్య టీ కోసము తెచ్చిన పంచదారను నీళ్ళలో కలిపి త్రాగించింది, స్పృహ వచ్చింది. ఇంకొక ఊరిలో ఒక తల్లి దీనికి వ్యతిరేకముగా, అన్నము మానాను గదా అని ఇన్సులిను సూదులే మానేసింది. వారము రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. మూత్రము ద్వారా చక్కెరను బయటకు పంపే మాత్రలు, డపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవారికి మరొక అపాయము ఉంది. అవి వాడుతూ పిండిపదార్థాలు పూర్తిగా మానితే, వ్రేలి పరీక్షలో చక్కెర మామూలుగానే కనబడుతూ రక్తములో ఆమ్లము పెరిగిపోవచ్చు. వాంతులు, ఆయాసము వస్తే అది ప్రాణము మీదికి తెచ్చే స్థితి. చదువరులారా, ఈ వ్యాసములో మరేదీ గుర్తుండకపోయినా ఈ పేరా గుర్తుంచుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు, ఎదిగే పిల్లలు ఈ దారి వైపు చూడనే వద్దు.

ఖర్చు గూర్చి దాచడమెందుకు? వేటమాంసము కిలో 800 దాటిన రోజులలో ఒక గ్రామ పాస్టరు దానితోనే బ్రతుకుతున్నాడంటే కానుకల పెట్టె వైపు ఎవరైనా చూస్తారు. మా కంచములో ఎక్కువగా ఉండేవి గ్రుడ్లు, చెరువు చేపలైన శీలావతి, బొచ్చె, అప్పుడప్పుడు సముద్రపు కవళ్ళు, కానాగంతలు, ఎవరూ కొనని బొమికలు, కొవ్వు. అయినా నెలకు మా ఒక్కరి తిండికి అయ్యేది మిగిలిన కుటుంబము మొత్తానికి అయ్యేదానితో దాదాపు సమానము. మానిన మాత్రల డబ్బు అందులో కొంత తీర్చింది. కూలికి పోయే కుటుంబాన్ని ఇట్లా తినమనడము ఎగతాళి అవుతుంది. అట్టివారికి మేము చెప్పేది ఒక్కటే. టీలో పంచదార మానండి, అన్నము సగము చేసి ఆ సగములో గ్రుడ్డు, పప్పు, ఆకుకూర పెట్టండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఇచ్చే మాత్రలు తప్పకుండా వేసుకోండి.

శ్రమకాలపు నలువది దినములు మాకు మరొక చిక్కు తెచ్చాయి. మన సంఘాలలో చాలామంది ఆ దినాలలో మాంసము ముట్టరు. సంఘమంతా పప్పుచారు తింటూ ఉంటే కాపరి ఇంట మాంసము ఉడుకుతుంది. వాసన గోడ దాటకుండా ఉండదు. సంఘ పెద్దలు నేరుగా అడగలేదు గాని, స్త్రీల సమాజములో మాట వచ్చింది. మేము బలిపీఠము దగ్గర నిలబడి సంగతి చెప్పి, ఆ నలువది దినములు ఒంటిపూట భోజనము చేసి, రెండవ పూట ఖర్చును విధవరాండ్ర నిధిలో వేస్తామన్నాము. అప్పటి నుండి ప్రతి సంవత్సరము అట్లే చేస్తున్నాము. ఒకరు రోమా పత్రిక 14వ అధ్యాయము ఎత్తి మమ్మును సమర్థించారు, మరొకరు దానియేలు శాకధాన్యాలు ఎత్తి ప్రశ్నించారు. ఇద్దరూ ఒకే కుటుంబమువారు. ఆ ఇంట ఆ రాత్రి భోజనము దగ్గర ఏమి జరిగిందో మాకు తెలియదు.

వీటన్నిటికంటె బరువైన ప్రశ్న వేరొకచోట నుండి వచ్చింది.

హాన్స్ ఎగెడే అనే లూథరను పాదిరిగారు 1721లో సువార్త నిమిత్తము గ్రీన్‌లాండుకు వెళ్ళారు. ప్రభువు నేర్పిన ప్రార్థనను అక్కడి ప్రజల భాషలోనికి తేవలసి వచ్చినప్పుడు, అనుదినము కావలసిన రొట్టెను అడిగే మనవి దగ్గర ఆయనకు చిక్కు వచ్చిందట. వారు రొట్టెను ఎన్నడూ చూడలేదు. అందుకని రొట్టెకు బదులు సీలు మాంసము అని చెప్పారని ఆయనను గూర్చి చెప్పుకుంటారు. మన తెలుగు బైబిలులో ఆ చిక్కు లేదు. మనవారు అక్కడ రొట్టె అనలేదు, అనుదినాహారము అన్నారు. యోహాను సువార్త 6వ అధ్యాయములో కూడా జీవాహారము అనే అన్నారు. జొన్న తినేవాడికి జొన్న, వరి తినేవాడికి వరి, మావంటివారికి మాంసము. ఆ మాట ఎవరి కంచములోనైనా ఇముడుతుంది. ఈ సంగతి మాకు బాగా నచ్చి ఒక గృహకూడికలో చెప్పాము కూడా.

ఆ ఇంట ఎనుబది ఏండ్ల తల్లి ఒకామె ఉన్నది. కూడిక అయిన తరువాత అందరికీ వడ్డించారు. మా విస్తరిలో మాంసము వేసి అన్నము గిన్నె తెస్తే, ఎప్పటివలె చెయ్యి అడ్డము పెట్టాము. ఆమె వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"మా చిన్నతనాన వరన్నం పండక్కే అయ్యగారూ. మిగతా రోజులు జొన్నకూడు, అదీ లేనప్పుడు అంబలి. మాంసం మాత్రం ఉండేది. ఊళ్ళో గొడ్డు చస్తే మావోళ్ళే మోసుకొచ్చేవాళ్ళు. తునకలు కోసి ఎండేసి దాచుకునేవాళ్ళం. గింజలు లేక తిన్నాం ఆ మాంసం. రామారావు రెండు రూపాయల బియ్యం ఇచ్చినాక మా ఆయన కుండ నిండా అన్నం వండమన్నాడు. కడుపునిండా తిని అరుగు మీద పడుకుని ఏడ్చాడు. నా చేతి అన్నం మీరు వద్దంటే నాకు ఎట్టా ఉంటదో మీరే చెప్పండి."

కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది 1983లో. అది మనలో చాలామందికి ఒక ప్రభుత్వ పథకము. ఆమెకు అది ఇంటిలో జరిగిన సంగతి. అంతకు నూరేండ్ల ముందు, 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. తిండి కోసము మతములో చేరారనే మాట రాకూడదని, కరువు తీరేవరకు బాప్తిస్మములు ఇవ్వడము ఆపివేశారు. ఆ తరువాతనే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. అయినా తిండి కోసము మారినవారనే ఎత్తిపొడుపు మన పెద్దలను విడువలేదు. మన సంఘాలలో అన్నము కేవలము పిండిపదార్థము కాదు. డాక్టరుగారి చీటీలో ఆ సంగతి వ్రాయడానికి గడి లేదు.

ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు, లూకా 10వ అధ్యాయములో, ఏ ఇంట చేర్చుకుంటే ఆ ఇంట తమ ముందు పెట్టినది తినమన్నాడు. ఆ రోజు నుండి మా క్రమము ఇది. మా ఇంట మా పథ్యము. విశ్వాసి ఇంట ఆ ఇల్లాలి చేతితో ఒక ముద్ద అన్నము. రెండవ ముద్ద లేదు. 'కొంచెము' దగ్గర నిలువలేని మాకు ఈ ఒక్క ముద్ద దగ్గర నిలబడడము ఇప్పటికీ కష్టమే. నిలబడుతున్నాము. డాక్టరుగారికి చెబితే, "ముద్ద ఎంత ఉంటుందో చూపించండి" అన్నారు. చెయ్యి ముడిచి చూపించాము. సరే అన్నారు.

ప్రభువు బల్ల విషయములో మాకు ఎప్పుడూ సందేహము లేదు. మా సంఘములోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాత్రము, రొట్టె ముక్కలో పిండి ఎంత, ద్రాక్షరసములో చక్కెర ఎంత అని కాగితము మీద లెక్కవేసి తెచ్చాడు. లెక్కల మాస్టరు గనుక లెక్క సరిగానే ఉంది. పైగా పాత్రలో మిగిలినది కాపరి పుచ్చుకోవడము మా సంఘపు ఆచారము. ఆ మధ్యాహ్నము వ్రేలు గుచ్చి చూస్తే ముప్పది పాయింట్లు ఎక్కి ఉంటుంది. సాయంకాలము వరకు గృహదర్శనాలకు నడిచి వెళతాము, దిగుతుంది. పిండిపదార్థము అసలే లేని ఆహారమని మేము చెప్పుకోలేకపోవడానికి ఇది ఒక కారణము, ముద్ద రెండవది.

ఆ తల్లి ఇప్పుడు ప్రతి శనివారము మనుమని చేత మా ఇంటికి ఒక స్టీలు క్యారేజీ పంపుతుంది. క్రింది గిన్నెలో బొమికల రసము, మిరియాలు వేసి, చింతపండు లేకుండా. పై గిన్నెలో ఒక్క ముద్ద అన్నము, దాని మీద మూత.